ఆల్బర్ట్, అడాల్బెర్టుస్, వోయ్‌చెఖ్: ఒక పోజెన్ కుటుంబం కేసు

ఆవిడకి డెబ్బై దాటాయి. అమెరికాలో, మిల్వాకీలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నేను పాత చర్చి పుస్తకాలు చదివి వంశవృక్షాలు తయారు చేస్తానని ఎవరో చెబితే, ఒక షూ డబ్బా నిండా కాగితాలు పట్టుకుని వచ్చింది. "మేం ప్రష్యన్లం అని మా నాన్న గట్టిగా చెప్పేవాడు. మా నాయనమ్మేమో జపమాల పోలిష్‌లో తిప్పేది. ఇంతకీ మేమెవరం?" అని అడిగింది.

గుంటూరు జిల్లా వాడికి పోలిష్ చర్చి పుస్తకాలతో పనేంటని మనవాళ్ళు అడుగుతుంటారు. పూర్వం ఆఫీసులో ఒక స్నేహితుడి కోసం ఒక లాటిన్ బాప్తిస్మ నమోదు చదవబోయి ఇందులో పడ్డాను, ఇక బయటికి రాలేదు. ఆవిడ అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఇంటిపేరు మాత్రం చెప్పను.

పని ఒప్పుకునే ముందే ఒక మాట చెప్పాను. చర్చి పుస్తకంలో జాతి అనే గడి ఉండదు. ఏ ఊరు, ఏ మతశాఖ, ఎవరి పిల్లలు, పక్కన ఎవరు నిలబడ్డారు, ఇవే ఉంటాయి. మీ ప్రశ్నకి నేరుగా జవాబు దొరక్కపోవచ్చు అన్నాను. "చూద్దాం లే" అంది.

డబ్బాలో ఏముంది

ఆవిడ ముత్తాత పేరు అమెరికా కాగితాల్లో ఆల్బర్ట్. భార్య పేరు మిన్నా. 1873లో వచ్చారు. 1880 జనాభా లెక్కల్లో ఆల్బర్ట్ పుట్టింది ప్రష్యాలో, అంటే జర్మన్ రాజ్యాల్లోకెల్లా పెద్దదాంట్లో. 1900లో "పోలండ్, జర్మన్ భాగం". 1910లో జర్మనీ, మాతృభాష పోలిష్. 1920కి వచ్చేసరికి పోజెన్, అంటే పోలండ్ నుంచి ప్రష్యాకి వచ్చిన ఒక రాష్ట్రం, పోలిష్‌లో పోజ్నాన్. నాలుగు లెక్కల్లో నాలుగు పుట్టిన చోట్లు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పోలండ్‌ని ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795ల్లో మూడు విడతలుగా పంచుకున్నాయి. ఆ తర్వాత 1918 దాకా పోలండ్ అనే దేశమే లేదు. అందుకే 1900 లెక్కలు రాసేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పారు: పోలిష్ మాట్లాడే మనిషి కనిపిస్తే, అతని ఊరు ముగ్గురిలో ఎవరి భాగంలో ఉందో అడిగి రాయండని. ఆల్బర్ట్ ఊరు కదల్లేదు, దాని మీద ఎగిరే జెండాయే మారుతూ వచ్చింది.

ఆ 1900 లెక్కల్లో ఇంకో గడి ఉంది. ప్రతి తల్లినీ ఎంతమంది పిల్లల్ని కన్నావు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. మిన్నా జవాబు: తొమ్మిది మంది, బతికున్నది ఆరుగురు. ఆవిడ రాసుకున్న చెట్టులో మాత్రం ఎనిమిది పేర్లే ఉన్నాయి, వాళ్ళలో ఇద్దరు చిన్నప్పుడే పోయారు. మరి తొమ్మిదో బిడ్డ? మిన్నా తప్పు చెప్పిందేమో, రాసినవాడు తప్పు రాశాడేమో అనుకుని నోట్‌బుక్ అంచున ఒక ప్రశ్నార్థకం గీసి వదిలేశాను.

పౌరసత్వం కాగితంలో జర్మనీ చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నానని తప్ప ఊరి పేరు లేదు. 1906కి ముందు కాగితాలు చాలావరకు అంతే. ఓడ బ్రెమెన్ నుంచి బయల్దేరింది, దాంతో అక్కడా దారి మూసుకుపోయింది. హాంబర్గ్ ప్రయాణికుల జాబితాలు 1850 నుంచి ఉన్నాయి, వాటిలో చివరగా ఉన్న ఊరు కూడా రాస్తారు. బ్రెమెన్ వాళ్ళ పాత జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి.

ఊరి పేరు ఒక్కచోటే దొరికింది. పెద్ద కొడుకు పోజెన్‌లో పుట్టి చంకలో బిడ్డగా వచ్చాడు. 1895లో అతని పెళ్ళి ఇక్కడి పోలిష్ చర్చిలో జరిగినప్పుడు ఫాదర్ లాటిన్‌లో రాసుకున్నాడు: పుట్టింది "దొంబ్రోవా"లో అని. ఆల్బర్ట్ 1923 మరణ ధృవపత్రంలో తల్లి పేరు హెడ్విగ్ అని ఉంది. ఆ వివరాలు చెప్పింది కూడా ఈ పెద్ద కొడుకే.

నేను చేసిన తప్పు

పోలిష్‌లో దొంబ్ అంటే ఓక్ చెట్టు, దొంబ్రోవా అంటే ఓక్ తోపు. మన దగ్గర చింతలపూడి, తాడేపల్లి లాంటి పేర్లు ఎన్ని ఉంటాయో అక్కడ దొంబ్రోవాలు అన్ని ఉంటాయి. ప్రష్యా కాలం ఊళ్ళు వెతకడానికి 1912 నాటి మేయర్స్ గెజెటీర్ అనే ఊళ్ళ పేర్ల పుస్తకం మంచి ఆధారం. ఇప్పుడు నెట్‌లో ఉంది, జిల్లా, చర్చి వివరాలు కూడా ఇస్తుంది. పోజెన్ రాష్ట్రంలోనే పేజీ నిండా దొంబ్రోవాలు, దొంబ్రోవోలు, దొంబ్రూఫ్కాలు వచ్చాయి.

వాటిలో మొగిల్నో జిల్లాలో ఉన్న దొంబ్రోవాతో మొదలుపెట్టాను. అక్కడి కాథలిక్ బాప్తిస్మ పుస్తకంలో మూడో రోజే దొరికాడు: 1848 ఏప్రిల్, అడాల్బెర్టుస్, అదే ఇంటిపేరు.

ఈ పేరు సంగతి కొంచెం చెప్పాలి. పోలిష్‌లో వోయ్‌చెఖ్, లాటిన్‌లో అడాల్బెర్టుస్, జర్మన్‌లో అడాల్బెర్ట్ లేదా ఆల్బర్ట్. ధ్వనిలో ఏ పోలికా లేదు. ప్రాగ్ బిషప్ ఒకాయన పుట్టు పేరు వోయ్‌చెఖ్, దాని చెక్ రూపం వోయ్‌త్యెఖ్. తర్వాత అడాల్బెర్ట్ అనే పేరు తీసుకున్నాడు. ఆ సెయింట్ వల్ల రెండు పేర్లూ ఒకటైపోయాయి. 997లో ఆయన్ని చంపింది బాల్టిక్ తీరంలోని పాత ప్రష్యన్లే. గ్న్యెజ్నో కథీడ్రల్‌లో సమాధి చేశారు. ఆ పాత ప్రష్యన్ల భాష 18వ శతాబ్దం మొదట్లోనే చచ్చిపోయింది, మన క్లయింట్ నాన్న చెప్పుకున్న ప్రష్యాకి మిగిలింది పేరు మాత్రమే. ఆ సెయింట్ పండగ ఏప్రిల్ 23. ఆ రోజుకి అటూ ఇటూ పుట్టిన మగపిల్లలకి ఆ పేరు పెట్టేయడం పల్లెల్లో మామూలు. అంటే ఏప్రిల్‌లో పుట్టిన వోయ్‌చెఖ్ దొరకడం పెద్ద అదృష్టమేమీ కాదు. అది నాకు తెలిసి కూడా గంతేశాను.

తల్లి పేరు మాత్రం కుదరలేదు. మరణ ధృవపత్రంలో హెడ్విగ్, ఇక్కడ కాథరీనా. కొడుకు నాయనమ్మని ఎప్పుడు చూశాడు గనక, ఏదో పేరు చెప్పి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. ఆ తండ్రి, ఆ తాత అంటూ 1790ల దాకా వెళ్ళి మూడు తరాల చెట్టు గీసి పంపాను. ఆవిడ ప్రింట్లు తీయించి పిల్లలకి, మనవలకి పంచింది.

రెండు నెలల తర్వాత, ఆ తండ్రి ఎప్పుడు పోయాడో చూద్దామని అదే పారిష్ (ఒక చర్చి పరిధి) మరణాల పుస్తకం తిరగేస్తున్నాను. మామూలుగా ఏడాదికి రెండు మూడు పేజీలు దాటని పుస్తకం. 1852 వేసవికి వచ్చేసరికి పేజీ తర్వాత పేజీ. చేతిరాత కూడా గీతలు తప్పి పరిగెడుతోంది. పోజెన్ ప్రాంతాన్ని కలరా ఊడ్చేసిన ఏడాది అది. ఒక లైన్ దగ్గర ఆగిపోయాను. అడాల్బెర్టుస్, నాలుగేళ్ళు, అదే తండ్రి, అదే తల్లి. నేను చెట్టుకి తగిలించిన మనిషి అమెరికా రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళ ముందే మట్టిలో ఉన్నాడు.

బాప్తిస్మం దొరికిన వెంటనే, ఆ బిడ్డ బతికాడా లేదా అని పదేళ్ళ మరణాలు చూడాలి. ఈ పనిలో మొదటి పాఠం అది, నేను పక్కవాళ్ళకి నేర్పే పాఠం కూడా. ఫోన్ చేసి ఆవిడకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. విని కాసేపు మాట్లాడలేదు. "అయితే పాపం ఆ పిల్లాడు ఎవరివాడో" అంది.

బిడ్డని ఎత్తుకున్నవాళ్ళు

మళ్ళీ మొదటికొచ్చాను. ఈసారి సముద్రం దాటలేదు, మిల్వాకీలోనే కూర్చున్నాను. ఇక్కడ పుట్టిన పిల్లల బాప్తిస్మాలన్నీ వరసగా తీసి, తల్లిదండ్రుల పేర్లు పక్కనపెట్టి, బాప్తిస్మం వేళ బిడ్డని ఎత్తుకున్న గాడ్‌పేరెంట్స్ పేర్లు మాత్రం రాసుకున్నాను. మొదటి పిల్లలకి గాడ్‌పేరెంట్స్‌గా వచ్చేది ఎవరు? ఊరు కాని ఊరొచ్చినప్పుడు మనమైనా ఎవర్ని పిలుస్తాం? మన ఊరివాళ్ళనే కదా. 1874లో, 1876లో, మళ్ళీ 1879లో ఒకే ఆడమనిషి కనిపించింది. ఆమె ఇంటిపేరు చాలా అరుదైనది.

ఆమె భర్త చనిపోయినప్పుడు 'కుర్యెర్ పోల్స్కి'లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. 1888లో మిల్వాకీలో మొదలైన ఈ పత్రిక అమెరికాలో మొదటి పోలిష్ దినపత్రిక. ఆ వార్తలో దంపతుల ఊరు ఉంది: షూబిన్ జిల్లా, దొంబ్రూఫ్కా. 1895లో ఫాదర్ రాసుకున్న దొంబ్రోవా అసలు ఇదే. పేరు చివరి తోకని ఆయన వినలేదో, పెళ్ళికొడుకే సరిగా చెప్పలేదో.

ఇప్పుడు పోజ్నాన్ ప్రాజెక్ట్ అక్కరకొచ్చింది. 19వ శతాబ్దంలో ఆ ప్రాంతంలో జరిగిన పెళ్ళిళ్ళని, కాథలిక్, ఎవాంజెలికల్ (అంటే ప్రొటెస్టెంట్) రెండిటినీ, వాలంటీర్లు కూర్చుని సూచిక చేశారు. పది లక్షలకి పైగా పెళ్ళిళ్ళు అందులో ఉన్నాయి. ముందు కూడా వెతికాను. కానీ భార్య ఇంటిపేరు అమెరికా గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసింది, అది ఎవరికీ తగల్లేదు. ఈసారి ఇంటిపేర్లు వదిలేసి, షూబిన్ చుట్టుపక్కల 1868 నుంచి 1873 దాకా పెళ్ళికూతురి పేరు విల్హెల్మీనె అయిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కొక్కటిగా చూశాను. మిన్నా దాని ముద్దుపేరు. 1870 మొదట్లో ఒకటి తగిలింది. పెళ్ళికొడుకు పేరు ఆల్బర్ట్. ఇంటిపేరు జర్మన్ స్పెల్లింగ్‌లో ఉంది. పెళ్ళి ఎవాంజెలికల్ చర్చిలో.

నేను ఇన్నాళ్ళూ కాథలిక్ పుస్తకాల్లోనే తవ్వుతున్నాను. జపమాల తిప్పేది కాథలిక్కులు గనక నాయనమ్మ జపమాల నన్ను అటు నడిపించింది.

పోలండ్‌లోని బిడ్‌గోష్చ్ ప్రభుత్వ ఆర్కైవ్ స్కాన్లు నెట్‌లో ఉచితంగానే చూడొచ్చు. 1794 ప్రష్యా చట్ట సంహిత ప్రకారం ప్రతి చర్చీ తన పుస్తకానికి నకలు రాసి కోర్టుకి పంపాలి. మూలం పోయినా నకలు మిగిలిన ఊళ్ళు చాలా ఉన్నాయి. 1874 అక్టోబర్ 1న ప్రష్యాలో సివిల్ నమోదు మొదలయ్యే దాకా చర్చి పుస్తకమే ప్రభుత్వ పుస్తకం కూడా. ఈ కుటుంబం దానికి ఏడాదిన్నర ముందే ఓడెక్కింది, అందుకే ఈ తిప్పలన్నీ.

పెళ్ళి నమోదు కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ఉంది. అందులో ఇ, ఎన్, ఎం, యు అక్షరాలన్నీ ఒకే రంపపు పళ్ళలా కనిపిస్తాయి. అలవాటయ్యే దాకా కళ్ళు లాగేస్తాయి. పెళ్ళికొడుకు పేరు పక్కన "కాథలిక్" అని రాసి ఉంది. తండ్రి చనిపోయాడు, సొంత ఇల్లు లేకుండా ఇంకొకరి ఇంట్లో ఉంటూ కూలి చేసుకునేవాడు. తల్లి హెడ్విగ్. పెద్ద కొడుకు తప్పు చెప్పలేదు, నేనే అతన్ని నమ్మలేదు.

అక్కణ్ణించి దారి తేలికే. జర్మన్‌లో హెడ్విగ్ అంటే పోలిష్‌లో యాద్విగా. దొంబ్రూఫ్కా కాథలిక్ పారిష్ పుస్తకంలో 1847 ఏప్రిల్‌లో లాటిన్ నమోదు: అడాల్బెర్టుస్, తండ్రి లౌరెంతియుస్, అంటే పోలిష్‌లో వావ్‌జీనియెట్స్, తల్లి హెడ్వీగిస్. తండ్రి పేరు ముందు "లబోరియోసుస్" అని ఉంది, శ్రమజీవి అని అర్థం. రైతుకూలీలందరి పేర్ల ముందూ ఇది పెడతారు. పట్నం వాళ్ళకి "ఫామాతుస్", జమీందార్లకి "గెనెరోసుస్". ఒక్క మాటతో మనిషి అంతస్తు తెలిసిపోతుంది. ఇక గాడ్‌పేరెంట్స్‌లో ఒకరి ఇంటిపేరు, మిల్వాకీలో మూడుసార్లు బిడ్డని ఎత్తుకున్న ఆమె పుట్టింటి పేరు ఒకటే. ఈసారి మరణాల పుస్తకం పదేళ్ళు కాదు, ఇరవై ఆరేళ్ళు చూశాను. ఈ అడాల్బెర్టుస్ చావలేదు.

నాకు బాగా నచ్చిన కాగితం దీని తర్వాతది. 1807 నుంచి 1815 దాకా ఈ ప్రాంతం నెపోలియన్ ఏర్పాటు చేసిన వార్సా డచీలో ఉంది. ఫ్రెంచి పద్ధతిలో 1808 నుంచి సివిల్ నమోదు, పోలిష్‌లో, గడులు లేకుండా కథలా రాసేవాళ్ళు. 1811లో లౌరెంతియుస్ తల్లిదండ్రుల పెళ్ళి అలా ఒకటిన్నర పేజీ ఉంది. ఇద్దరి వయసులు, ఇద్దరి తల్లిదండ్రులు, ఎవరు బతికున్నారు, ఎవరు లేరు, సాక్షులు ఎవరు, వాళ్ళకి వధూవరులతో చుట్టరికం ఏంటి, అన్నీ ఉన్నాయి. చదివి వినిపించాక, రాయడం రాదు గనక సంతకాలు చేయలేదని చివర్లో ఉంది. 1815 తర్వాత మళ్ళీ ప్రష్యా వచ్చి ఈ విలాసం కాస్తా పోయింది.

రెండు చర్చిల ఇల్లు

మిన్నా వైపు ఎవాంజెలికల్. ప్రష్యాలో లూథరన్, రిఫార్మ్డ్ చర్చిల్ని రాజు 1817లో కలిపేశాడు, అప్పట్నించి అందరికీ ఆ ఒక్క పేరే. వాళ్ళ పుస్తకాలు 1780ల దాకా తీసుకెళ్ళి ఆగిపోయాయి. అంతకు ముందు ఆ ఊళ్ళో వాళ్ళకి చర్చి లేదు. ఇలాంటి చోట కాథలిక్ పుస్తకాలు తెరవాలి. పాత పోలండ్‌లో చాలాచోట్ల ప్రొటెస్టెంట్ల బాప్తిస్మాలు, చావులు కూడా కాథలిక్ ఫాదరే రాసుకుని రుసుం తీసుకునేవాడు. పేరు పక్కన "అకాథోలికుస్" అనో "లూథెరానుస్" అనో ఒక మాట పెట్టేవాడు. మిన్నా ముత్తాత అలాగే దొరికాడు. ఆయన భార్య ఇంటిపేరు చివర "స్కా" ఉంది, అంటే పోలిష్ పేరు. ఇటు చూస్తే ఆల్బర్ట్ కాథలిక్ వంశం ఇంటిపేరు జర్మన్ మూలంలోంచి వచ్చి, షుల్జ్ కాస్తా షుల్త్స్ అయినట్టు, పోలిష్ స్పెల్లింగ్‌లో స్థిరపడింది. ఆవిడకి చెబితే పడీపడీ నవ్వింది.

కాథలిక్ పెళ్ళికొడుకు ఎవాంజెలికల్ చర్చిలో ఎందుకు చేసుకున్నాడు? నమోదులో కారణం రాయలేదు. కానీ ఆ ప్రాంతంలో మిశ్రమ వివాహాలు పెద్ద గొడవ. పిల్లలందర్నీ కాథలిక్కులుగానే పెంచుతామని మాటిస్తే తప్ప ఫాదర్లు పెళ్ళి ఆశీర్వదించేవాళ్ళు కాదు. ఈ విషయంలోనే ప్రభుత్వంతో తలపడి గ్న్యెజ్నో-పోజ్నాన్ ఆర్చిబిషప్ మార్చిన్ దునిన్ 1839లో అరెస్టయి కోల్బెర్గ్ కోటలో ఉన్నాడు. చట్టం వైపు చూస్తే, 1794 సంహిత కొడుకులు తండ్రి మతశాఖలో, కూతుళ్ళు తల్లి మతశాఖలో పెరగాలంది. 1803లో రాజు దాన్ని మార్చి అందరూ తండ్రి వైపే అన్నాడు. ఇళ్ళల్లో మాత్రం పాత పద్ధతి ఒప్పందంగా సాగుతూనే ఉంది.

ఇది రాసుకుంటుండగా నోట్‌బుక్ అంచున నేను గీసిన ప్రశ్నార్థకం కనపడింది.

పెద్ద కొడుకు 1870 నవంబర్‌లో పుట్టి కాథలిక్ చర్చిలో బాప్తిస్మం పొందాడు. ఓడెక్కింది 1873 వసంతంలో. మధ్యలో రెండున్నరేళ్ళ ఖాళీ ఉంది. ఆ పుస్తకంలో ఇంకో బిడ్డ లేదని ఎప్పుడో చూసేశాను. కూతురైతే ఆ పుస్తకంలో ఎందుకుంటుంది?

ఎవాంజెలికల్ బాప్తిస్మ పుస్తకం, 1872 మార్చి. ఆడపిల్ల, తండ్రి ఆల్బర్ట్, తల్లి విల్హెల్మీనె. అదే చర్చి మరణాల పుస్తకం, 1872 ఆగస్టు, వయసు అయిదు నెలలు, కారణం మూర్ఛలు. పసిపిల్లల చావులకి ఆ రోజుల్లో ఏ పుస్తకం తెరిచినా కనిపించే కారణం అదే. మిల్వాకీలో ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత లెక్కలు రాసేవాడు అడిగితే మిన్నా ఆ పిల్లని కూడా కలిపి తొమ్మిది అని చెప్పింది.

ఈసారి ఫోన్ చేయలేదు, నడిచి వెళ్ళాను. రెండు నమోదుల కాపీలు బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ రంపపు పళ్ళ రాతని చాలాసేపు చూసింది.

"పేరేంటి?"

"హెడ్విగ్" అన్నాను. "కాథలిక్ నాయనమ్మ పేరు."

ఆవిడ డబ్బాలోంచి పెన్సిల్ తీసి, తన పాత చెట్టులో పెదతాత పేరు పక్కన కొంచెం ఖాళీ చూసుకుని, ముందు హెడ్విగ్ అని, దాని కింద చిన్న అక్షరాలతో యాద్విగా అని రాసుకుంది.